ఆ ఉద్యోగం ఎందుకు ఖాళీ అయింది

అచ్యుతాపురంలోని మందుల ఫ్యాక్టరీ దేవిశ్రీని ఇంటర్వ్యూకి రమ్మంది. ల్యాబ్‌లో కెమిస్టు ఉద్యోగం. ఎమ్మెస్సీ అయ్యాక వచ్చిన మొదటి పిలుపు. కంపెనీ గురించి నెట్‌లో ఎంత వెతికినా మొక్కలు నాటుతున్న ఫొటోలే తప్ప పనికొచ్చే ముక్క దొరకలేదు. చివరికి ఆ కంపెనీ బస్సు నడిపే అక్క మొగుణ్ణి, జగ్గారావుని అడిగింది.

"ఇదివరకు ఆ పని సూర్యకళ అని ఒకావిడ సేసింది. తీసేసినారు. వన్ టౌన్‌లో ఉంటాది, ఆవిణ్ణడుగు. నా పేరెత్తకు," అని అడ్రసు చెప్పాడతను.

ఆదివారం వెళ్లింది. సూర్యకళ గుమ్మంలోనే నిలబెట్టి విన్నది. వింటూండగానే ఆమె మొహం గంటు పెట్టుకుంది.

"నిన్నెవులు పంపినారు? మేనేజరు గురునాథరావేనా?"

"ఎవరూ పంపలేదక్కా. రేపు ఇంటర్వ్యూ. అక్కడెలాగుంటాదో కనుక్కుందామని నానే వచ్చినాను."

"నా నోట్లోంచి ఓ మాట లాగి కోర్టులో నా మీదికే తిప్పుదామని. మొన్నొకడు ఇలాగే వచ్చినాడు, అద్దిల్లు కావాలని."

"కోర్టు సంగతి నాకు తెలీదక్కా."

"గ్యాసు లీకైతే సైరన్ కొట్టినాను. ఉత్తినే కొట్టి పని ఆపించీసినానని తీసేసినారు. ఇద్దరాడోళ్లు పడిపోనారే, అది ఉత్తినేనా? కేసు వదల్నని పోయి సెప్పు."

తలుపు మొహం మీదే పడింది.

మర్నాడు గురునాథరావు ఆమె సర్టిఫికెట్లు చూడనే లేదు.

"నిన్న సూర్యకళ ఇంటికి వెళ్లావట. నేనే పంపానని ఫోన్ చేసి నన్ను నానా మాటలూ అంది. అడ్రసు ఎవరిచ్చారు?"

దేవిశ్రీ జగ్గారావు పేరు బయటపెట్టలేదు. "వన్ టౌన్‌లో వాకబు చేశాను సార్."

"చేరకముందే కూపీ లాగేదానివి, చేరాక ఊరుకుంటావా? వెళ్లు."

ఎలాగూ పోయిందనేసరికి బెదురు పోయి ఒళ్లు మండింది.

"ఆ రోజు ఇద్దరు పడిపోయారా లేదా సార్?"

అతను బెల్లు కొట్టి, ఈమెని గేటు దాటించమన్నాడు.

దేవిశ్రీ ఇంటికి వెళ్లలేదు. బస్సు దిగి తిన్నగా వన్ టౌన్ వెళ్లి ఆ తలుపు బాదింది.

"నీ ఫోన్ వల్ల నా ఉద్యోగం పోయింది."

సూర్యకళ ఒక్క క్షణం తెల్లబోయింది. "అయితే నువ్వు నిజంగానే..." అని ఆగి, "పోతే పోనీ. ఆడి దగ్గర బతికుంటావని నమ్మకమేటి?" అంది.

"అది తేల్చుకోవాల్సింది నాను. పడిపోనోళ్ల గురించి ఆయన్ని అడిగినాను. నోరు మెదపలేదు."

సూర్యకళ గొంతు మారింది. "ఆ మాట కోర్టుకొచ్చి సెప్తావా?"

"నిన్న ఎండన పడొచ్చినాను. మంచినీళ్లు తాగుతావా అనైనా అడిగినావేటి?"

దేవిశ్రీ వెనక్కి తిరిగి సందులోకి నడిచింది. సూర్యకళ చెప్పింది అబద్ధం కాదని తెలుసు. తెలిసినా కోపం ఒక పిసరైనా తగ్గలేదు.