తేటలో లేనిది

మా అక్క పదకొండేళ్ళు కోడిపిల్లల హేచరీలో పనిచేసింది. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్లను చేతిలోకి తీసుకోవాలి, రెక్క విప్పి చూడాలి, పెట్టయితే కుడివైపు పెట్టెలో, పుంజయితే ఎడమవైపు గొట్టంలో వెయ్యాలి. గొట్టం చివర ఏముంటుందో నేను చెప్పను, మీరే ఊహించుకోండి. గుడ్డు పెట్టని పిల్లకి మేత ఎవరు దండగ చేస్తారు? పన్నెండో ఏడు ఒక సోమవారం అక్క ఇంటికొచ్చి చేతులు కడుక్కుని, మళ్ళీ కడుక్కుని, ఇక వెళ్ళనంది. ఆ రోజు నుంచి గుడ్డు, మాంసం, పాలు, వెన్న, తేనె, ఏదీ ముట్టలేదు. అలాగని ఎవరికీ నీతులు చెప్పలేదు. నా పళ్ళెంలోకి ఏనాడూ తొంగి చూడలేదు.

నేను వైన్ తయారుచేసే చోట పనిచేస్తాను. నా నోరు మంచిది కాదని అక్కడ అందరికీ తెలుసు. అక్కకి కడుపులో గడ్డ లేచి మా ఇంటికి చేరాక ముద్ద లోపలికి పోవడం గగనమైపోయింది. ఆకలి పుడుతుందేమో చూడండి, తినేముందు రెండు చెంచాల వైన్ ఇవ్వండి అన్నాడు డాక్టరు. మొదటి చెంచా నోటి దాకా తీసుకెళ్తే అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఇందులో ఏం వేస్తారే?"

"ద్రాక్ష. ఇంకేం వేస్తారు? మబ్బుగా ఉంటే బంకమట్టి పొడి కలుపుతాం. అది మడ్డిని పట్టుకుని అడుక్కి పోతుంది. పైతేట తోడుకుంటాం. అంతే."

"కొన్నిచోట్ల చేప పొట్టలో తిత్తి ఎండబెట్టి వేస్తారటగా? పాలపొడి కూడానట?"

"వేసేవాళ్ళు వేస్తారు. మేం వెయ్యం. నా మీద ఒట్టు."

అప్పటికి అది నిజం. అక్క నా మాట నమ్మి తాగింది, వెనకాలే అరగిన్నెడు మెదిపిన దుంప తింది. నెల తిరిగేసరికి బుగ్గలు కాస్త తేరుకున్నాయి కూడా.

తర్వాతి పంట మా కొంప ముంచింది. ఎండలకి పళ్ళ తొక్క మందమెక్కి, వైన్ నాలుక పట్టేసేంత వగరుగా దిగింది. మా పెద్ద మేస్త్రిని మేమంతా వగరు తాత అంటాం, దేన్ని రుచి చూసినా ముందు ఆ మాటే అంటాడు కనక. ఈసారి నిజంగానే అన్నాడు.

"మట్టి మబ్బు తీస్తుందమ్మా, వగరు తియ్యదు. కోడిగుడ్లు తెప్పించు."

పీపాకి అయిదు తెల్లసొనలు, చిటికెడు ఉప్పు. నురగ రాకుండా గిలకొట్టి పోసి కలిపితే అది వగరుని పట్టుకుని మెల్లగా అడుక్కి దిగుతుంది. కొన్ని వారాలాగి పైతేట వేరే పీపాలోకి తోడేస్తాం. గుడ్లు పగలగొట్టింది నేనే. జంతువుల సరుకేదీ కలపలేదని మా సీసాల మీద మామూలుగా వేసే ఆకు గుర్తు వీటికి తీసేశారు, తయారీలో గుడ్డు వాడామని రాశారు కూడా. అక్కడ మోసమేమీ జరగలేదు. మోసమంతా మా ఇంట్లోనే.

ఇంట్లో పాత సీసాలు అయిపోయాయి. ఆకు గుర్తున్నది బజారులో కొనొచ్చుగా అంటారేమో. కొన్నాను. ఒక్క చెంచాకే అక్క గొంతు మండిందని మొహం తిప్పేసింది. రెండు రోజులు మెతుకు ముట్టలేదు. మూడో రోజు కొత్త పీపాలోంచి ఒక సీసా నింపి, చీటీ లేకుండా తెచ్చేశాను. గుడ్డు అడుగున ఉండిపోయింది, తేటలో ఏముంది గనక, అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అక్క చప్పరించి, "ఇదీ! ఇదే కావాలి నాకు" అంది. ఆ పూట గిన్నె ఖాళీ చేసింది. నేను వంటింట్లోకి వెళ్ళి సంతోషంతో ఏడ్చాను.

రెండు నెలలు అలా గడిచాయి. రెండో విడత పీపాలకి గుడ్లు కొట్టిన రోజు మిగిలిన పచ్చసొనలు పారెయ్యడం దేనికని తాత తలా ఒక డబ్బా పంచాడు. మా ఆయనకి ఇష్టం కదా అని నేనూ తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాను. చూశారా నా తెలివి! మా ఇంట్లో గుడ్లు ఉండటం అక్కకి కొత్త కాదు, పట్టించుకోదు అనుకున్నాను. మర్నాడు పని నుంచి వచ్చేసరికి ఆ డబ్బా బల్ల మీద ఉంది. దాని ముందు అక్క కూర్చుని ఉంది.

"ఇరవై ఉన్నాయి. అన్నీ పచ్చసొనలే," అంది. "తెల్లసొన ఏం చేశారే?"

గుడ్ల మధ్యే పదకొండేళ్ళు గడిపిన మనిషికి ఏమని బొంకను? అయినా నా పాడు నోరు ఊరుకోలేదు.

"ఆఁ, వేశాం! రెండు నెలల నుంచి నువ్వు తాగుతున్నది అదే. అయితే ఏంటంట? అది అందులో ఉండదక్కా, అడుక్కి పోతుంది. భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. నువ్వు తినాలి, బతకాలి. నాకు కావల్సింది అంతే!"

అక్క కోప్పడలేదు. రెండు దెబ్బలు వేసినా బాగుండేది.

"మా దగ్గర్నుంచి బయటికెళ్ళే పెట్టెల్లో కూడా వెతికితే ఏం దొరికేది కాదే," అంది. "అన్నీ పెట్టపిల్లలే. పచ్చగా, ముద్దుగా ఉండేవి. పుంజుపిల్ల ఈక ఒక్కటి కూడా ఉండేది కాదు."

క్షమించమని అడగాలన్న ఇంగితం కూడా ఆ క్షణంలో లేకపోయింది.

మర్నాటి నుంచి వైన్ మానేసింది. దాంతోపాటు ఆకలీ పోయింది. ఆకు గుర్తున్న సీసా తెచ్చి ఎదురుగా మూత తీస్తే, "ఆ చీటీ నువ్వు అంటించావా?" అని అడిగింది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. దుంప మెదిపి పెడితే వెన్న కలిపావా అనేది. నీ కళ్ళముందే ఉడికిస్తానని స్టవ్ పక్కన కుర్చీ వేశాను, కూర్చోలేక పక్కకి ఒరిగిపోయింది. మా ఆయన బతిమాలినా వినలేదు. ఆయన నా మొగుడే కదా మరి. చివరికి తన చేత్తో ఒలుచుకున్న నారింజ తొనలు మాత్రమే నోట్లో వేసుకునేది. వారం తిరక్కుండా ఆ వేళ్ళకి తొక్క ఒలిచే సత్తువ కూడా పోయింది.

జబ్బు తీరే అంత, మీరేం చేసినా ఆగేది కాదు అన్నాడు డాక్టరు. అయ్యుండొచ్చు. ఆయన మంచివాడు కాబట్టి అలా అన్నాడని నాకు అనుమానం.

అప్పటిదాకా నీళ్ళు మాత్రం ఎలాగో తనే పట్టుకుని తాగేది, వైన్ మానేసిన పంతొమ్మిదో రోజు ఇక లేవలేకపోయింది. మధ్యాహ్నానికి అక్క పెదవులు ఎండి చీలిపోయాయి. కుళాయి నీళ్ళు గ్లాసులో పట్టి తెచ్చి, మెడ కింద చెయ్యి వేసి లేపాను. గ్లాసు పెదవులకి ఆనించగానే ఆగమన్నట్టు కళ్ళతో సైగ చేసింది.

"ఏమైనా కలిపావా?"

"నీళ్ళక్కా. ఉత్త నీళ్ళు."

చాలాసేపు నా మొహంలోకి చూసింది. ఎంత దాహంగా ఉందో ఆ చూపులోనే తెలుస్తోంది. ఆఖరికి పెదవులు బిగించి, తల గోడవైపు తిప్పేసుకుంది.