పత్తిచేనులో ఉయ్యాల

వంకాయ ముచ్చిక కోసి, నాలుగుగా చీల్చి, ఉప్పునీళ్లలో వేస్తోంది అండాలమ్మ. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్తంభాల పక్కనున్న కర్రీ పాయింటులో తొమ్మిదేళ్లుగా ఆమె పని ఇదే. కత్తిగీతలు నల్లబడిన బొటనవేలు ఆమె చూపుతో పని లేకుండానే కదులుతుంది.

కొడుకు మహేందర్ ఆటో ఆపి లోపలికి వచ్చాడు. పనివేళ ఎన్నడూ రాడు.

"అమ్మా, చిన్నప్పుడు నన్ను ఏడ పండబెట్టేదానివి?"

"గిదేం సవాల్ రా? పత్తిచేన్ల, చీర ఉయ్యాల గట్టి. ఒక్కనాడు గూడ నిన్ను ఇంట్ల ఇడిసిపెట్టలే," అంది గర్వంగా.

"మందు కొట్టే దినాల గూడనా?"

"మీ నాయిన పంపు కొడుతుంటే నేనే చేతులతోని మందు కలిపిచ్చేది. నువ్వు కడుపుల ఉన్నప్పుడు గూడ. ఎందుకు?"

మహేందర్ తల వంచుకుని చెప్పాడు. పెళ్లయిన ఐదేళ్లకు, డాక్టరు పట్టుబట్టగా, మొదటిసారి తనూ పరీక్ష చేయించుకున్నాడు. లోపం తనలోనే ఉందట. కడుపులోనూ పసితనంలోనూ సోకిన పురుగుమందు ఒక కారణం కావచ్చునట; ఖాయంగా చెప్పలేమట.

"అరుణకు చెప్పకే. ఎట్లైనా పోతనే ఉంది గద."

కత్తి ఆగిపోయింది. నిన్న కోడలిని గొడ్డుదానా అన్నది తనే. ఆ మాటకే అరుణజ్యోతి పుట్టింటికి బయలుదేరింది. మూడింటికి ఎల్.బి.నగర్‌లో నల్గొండ బస్సు. మందు డబ్బా మీది పుర్రెబొమ్మ అండాలమ్మకు గుర్తుంది. దాని అర్థం చెప్పినవాళ్లెవరూ గుర్తురాలేదు. కత్తి పక్కన పెట్టి లేచింది.

"యాడికే? చెప్పకంటున్న గద!"

"అన్నది నా నోరు. నేనే చెప్పుకుంట. జరుగు."

మెట్రో ఎక్కింది. ఉన్నవి మూడే స్టేషన్లు. ప్రతిచోటా తలుపులు కావాలనే నెమ్మదిగా మూసుకుంటున్నట్లు తోచింది. ఎల్.బి.నగర్‌లో గబగబా మెట్లు దిగింది. మూడు కావడానికి ఇంకా నాలుగు నిమిషాలు.

బస్టాపు బల్ల మీద అరుణజ్యోతి ఒక్కతే కూర్చుని ఉంది.

"బిడ్డా, నీ తప్పేం లేదు. వాని పరీక్షల తేలింది. నేను కలిపిన మందుతోనే అయ్యిందో ఏమో."

కోడలు ఆమె ముఖంలోకి చూసింది.

"మందు సంగతి నీకు ఎవ్వలు చెప్పిన్రు అత్తమ్మా? అండ్ల నీ తప్పు లేదు. గని నన్ను అన్నది మాత్రం ఎరికుండే అన్నవ్."

బస్సు వచ్చింది. అరుణజ్యోతి సంచీ భుజాన వేసుకుని ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుంది కానీ ఇటు తిరగలేదు. అండాలమ్మ ఎత్తిన చేయి గాలిలోనే కాసేపు నిలిచి దిగింది.

కోడలు కూర్చున్నచోట, బల్ల మీద నీలిరంగు ప్లాస్టిక్ ఫైలు మిగిలి ఉంది. ఐదేళ్ల పరీక్షలతో ఉబ్బిపోయి మూత పడటం లేదు; పై కాగితం మీద, దాని కింది కాగితం మీద, ఇంకా కింది వాటన్నింటి మీదా అరుణజ్యోతి పేరే.