చేపల తొట్టి ఎత్తు

"ఏటే మిరియం, తొట్టిలో నీళ్లు ఓ పక్కకి ఒరిగినట్టు లేవూ?" అని దివాన్ మీద పడుకునే అడిగాడు ప్రేమ్ కుమార్.

నీళ్లెక్కడైనా ఒరుగుతాయా? కింద బల్ల వంగింది. ఆ సంగతి మిరియం వానాకాలం నుంచీ మొగుడికి చెబుతూనే ఉంది. చెప్పినప్పుడల్లా "వచ్చేక సూద్దాంలే" అనేవాడు. ఎక్కడి నుంచి వచ్చాక, ఏం చూస్తాడన్నది ఆమెకి ఇంతవరకూ తేలలేదు. ఇవాళ ఆయన కళ్లకే కనిపించింది కాబట్టి అది నిజమైపోయింది. "వడ్రంగి పరదేశిని పిలిపించి ఓ ఊతకర్ర కొట్టించు" అనేసి, చిటికెడు మేత తొట్టిలో చల్లి, చీడికాడలో ఉన్న తన ఎరువుల కొట్టుకి బండెక్కి వెళ్లిపోయాడు.

అది చర్చి బల్ల. గుడిలో ప్లాస్టిక్ కుర్చీలు వేసినప్పుడు పాత బల్లల్లో ఒకదాన్ని పాస్టరు గారిని అడిగి తెచ్చుకున్నాడు. దాని మీద ఓ పక్కగా మూడడుగుల గాజు తొట్టి పెట్టాడు. "నీళ్లు ఇద్దరు మనుషుల బరువుంటాయండీ" అని మిరియం అంటే, "ఐదుగురు కూచునే బల్లే అది, ఉపవాస ప్రార్థనలకే కదల్లేదు" అని కొట్టిపారేశాడు. లెక్క బాగానే ఉంది. కానీ మనుషులు ప్రార్థన అవగానే లేచి ఇళ్లకి పోతారు, నీళ్లు పోవు కదా. పగలూ రాత్రీ అక్కడే కూర్చుంటే ఎంత పరిశుద్ధమైన చెక్కయినా వంగుతుంది.

ఇక మిరియం నడుం సంగతి. రోడ్డు ఎత్తు పెంచిన ఏడాది పెరట్లో మట్టి పోయించారు. దాంతో పెరడు ఇంటికన్నా ఎత్తయిపోయింది. మోకాలెత్తు బల్ల మీది తొట్టిలోంచి పైపు వేసి బయటికి వదిలితే తొట్టిలో నీళ్లు సగం దాకా దిగి ఆగిపోతాయి. అడుగున ఉండే మురికంతా ఆమె వంగి మగ్గుతో తోడాలి, బకెట్లతో పెరట్లోకి మొయ్యాలి. ప్రతి శనివారం ఇదే పని. ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికొచ్చినవాళ్లు, "ప్రేమ్ కుమార్ గారూ, మీ సేపలు బలే ఉన్నాయండీ" అంటారు. "ఏదో, నా సరదా" అంటాడాయన. అద్దం తుడిచిన మనిషి అప్పుడు టీ కప్పుల పళ్లెం పట్టుకుని నిలబడి ఉంటుంది. ఓసారి నడుం పట్టేసిందని అంటే అత్తగారు మేరీ, "మగోడికి ఏదో ఓ సరదా ఉండాల. తాగుడు కన్నా సేపలు నయం కాదేటే?" అంది. మిరియంకి చేపలంటే కోపం లేదు, ఇష్టమే. ఆ బకెట్ల మీదే కోపమంతా.

రెండో శనివారం కావడంతో మిరియం లెక్కలు చెప్పే బడి లేదు. చేపల్ని ప్లాస్టిక్ టబ్బులోకి మార్చి తొట్టి ఖాళీ చేసేసరికి పరదేశి సంచీతో వచ్చాడు. బల్లని తిరగేసి, తట్టి చూసి, "సెక్క బంగారంలా ఉంది టీచరమ్మా. ఇంత పొడుగెందుకు? కోసేసి, ఆ ముక్కల్తోనే కిందన అడ్డపట్టీలూ, మధ్యలో కాలూ ఏసేద్దుం" అన్నాడు.

"కాళ్లు కూడా పొడిగించు పరదేశీ. ఇక్కడిదాకా రావాలి" అని మిరియం తన నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపించింది.

పరదేశి రంపం కింద పెట్టేశాడు. "సారు దివాన్ మీంచి సూస్తారు కదమ్మా. ఓసారి ఫోన్ సేసి అడగండి. రేపొచ్చి నన్నంటారు."

ఫోన్ తీసింది. మొగుడి పేరు మీద బొటనవేలు పెట్టి ఆగిపోయింది. ఏమంటాడో తెలిసిందే. ఎందుకో బళ్లో బోర్డు గుర్తొచ్చింది. ఎవడో ఆరడుగులవాడు బిగించిన బోర్డు అది, ఆమె లెక్కలన్నీ కింది సగంలోనే ఇరుక్కోవాలి. కాస్త దింపించమంటే కరస్పాండెంటు, "ఎత్తు చెప్పులేసుకు రండి టీచర్ గారూ" అన్నాడు. స్టాఫ్ రూమంతా నవ్వింది, ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, వాళ్ల మీద కన్నా తన మీదే ఎక్కువ. ఇంట్లో చూస్తే వంటగట్టు పొడుగాటి అత్తగారికి సరిపోయేలా కట్టింది, బట్టల తీగ మొగుడి చేతికందేలా కట్టింది. ఎవరూ కావాలని చెయ్యలేదు, నిజమే. ఆమెని నిలబెట్టి కొలవాలని ఎవరికీ తట్టలేదంతే. పెళ్లయి ఈ ఇంటికొచ్చాక ఆమెని కొలిచినవాడు జాకెట్లు కుట్టే దర్జీ ఒక్కడే. ఇప్పుడు కూడా అడిగితే తన నడుం మళ్లీ "వచ్చేక సూద్దాం"లోకి పోతుంది, ఇక ఎప్పటికీ బయటికి రాదు.

ఫోన్ అలమారులో పెట్టేసింది.

"నీళ్లు మార్చేది ఆయన కాదు పరదేశీ, నేను. నా ఎత్తుకి చెయ్యి. ఏదైనా అంటే నేను చెయ్యమన్నానని చెప్పు."

పరదేశి చెవి మీది పెన్సిల్ తీశాడు. "అయితే ఇలా తిన్నగా నిలబడండమ్మా" అని నేల మీంచి టేపు పట్టాడు. "సెప్పుల్తోనా, సెప్పుల్లేకుండానా?"

"లేకుండా" అంది మిరియం.

మధ్యాహ్నం భోజనాల వేళకి పని అయిపోయింది. వెనకాల ఏటవాలు పట్టీలు, మధ్యలో లావుపాటి కాలు, పైన మందపాటి ప్లైవుడ్. పరదేశి రెండు చేతులతో ఊపి చూశాడు, బల్ల కదల్లేదు. ఇద్దరూ కలిసి తొట్టి ఎక్కించారు. అద్దం కడగడానికి నింపిన మొదటి నీళ్లు అన్ని మూలలా ఒకే గీత మీద నిలిచాయి. పరదేశి వెళ్లాక మిరియం పైపు ఓ కొస తొట్టిలో ముంచి, రెండో కొస కిటికీలోంచి మల్లెపాదు దగ్గరికి వదిలింది. నీళ్లు వాటంతటవే పోతున్నాయి. ఆగుతాయేమోనని అక్కడే నిలబడి చూసింది. సగం దాటినా పోతూనే ఉన్నాయి. ప్రాణం లేచి వచ్చినట్టయింది ఆమెకి. చేతులేం చెయ్యాలో తోచక, టీ పెట్టుకుని తెచ్చుకుంది.

"ఏటే, ఖాళీగా కూచున్నావు?" అంటూ అత్తగారు వచ్చింది.

"నీళ్లు మారుస్తున్నాను అత్తా."

మేరీ పైపునీ కోడలినీ మార్చి మార్చి చూసి, "ఇదేదో ముందే సేయించుకోపోయేవా?" అని తప్పు కోడలిదే అని తేల్చేసి, మిగిలిన టీ తను పోసుకుంది.

సాయంత్రం ప్రేమ్ కుమార్ వచ్చాడు. అలవాటు ప్రకారం దివాన్ మీద వాలి అటు తిరిగాడు. ఎదురుగా కొత్త కాళ్లూ, అడ్డపట్టీలూ కనిపించాయి.

"ఏటిది? సేపలు కనపడ్డం లేదు?"

"లేచి నిలబడితే కనిపిస్తాయండీ."

"నన్నడగలేదే?"

"లేదు. నా నడుం కోసం చేయించాను, మళ్లీ దించను" అంది మిరియం. ఆ మాట ఇంత తేలిగ్గా వస్తుందని ఆమె కూడా అనుకోలేదు.

ప్రేమ్ కుమార్ తల్లి వైపు చూశాడు. మేరీ కళ్లజోడు తుడుచుకుంటోంది. ఇక చేసేది లేక లేచాడు, తొట్టి దగ్గరికి వెళ్లి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. చేపలు బాగానే కనిపించినట్టున్నాయి. కాసేపటికి కాళ్లు మార్చి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "మిరియం, ఓ కుర్చీ తే."

"వరండాలో ఉన్నాయండీ" అంది మిరియం.

ఆయన గొణుక్కుంటూ వెళ్లి తనే తెచ్చుకున్నాడు. ఒక్కటే తెచ్చుకున్నాడు. ఆమె ఏమీ అనుకోలేదు. అప్పటికే దివాన్ మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది.