బుడాన్ పిలిచినప్పుడు

డెంగ్యూ తగ్గినా నీరసం వదలక నాగజ్యోతి కాలేజీకి వెళ్లలేదు. పది రోజులుగా వరండాలో నులక మంచం మీద పడుకుని ఫోన్‌లో ఒకటే ఆట. చదరపు దిమ్మలతో కట్టిన లోకం అది. అందులో ఇళ్లు కట్టుకోవచ్చు, కొండలు తవ్వొచ్చు, ఎంత లోతుకైనా దిగొచ్చు. ఆమె తండ్రి శివరామకృష్ణ పత్తి చేలోంచి మధ్యాహ్నం అన్నానికి వచ్చి, బత్తాయి రసం గ్లాసు అందిస్తూ ఫోన్ వంక చూశాడు.

తెర మీద సొరంగం. రెండు పక్కలా కర్ర గుంజలు, వాటి మీద అడ్డదూలం, కింద అక్కడక్కడా తెగిన పట్టాలు.

"ఇదేంటమ్మా?"

"పాత గని నాన్నా. ఎవరో తవ్వి వదిలేసినట్టు భూమిలోపల ఉంటాయి. వెతికితే బంగారం దొరుకుద్ది."

ఆయన మంచం పట్టె మీద కూర్చున్నాడు. తాను పుట్టకముందు నాన్న వినుకొండ అవతల కొండల్లో సీసం గనిలో ఆరేళ్లు పనిచేశాడనీ, ఆ గని మూతపడి నీళ్లు నిండిపోయిందనీ నాగజ్యోతికి తెలుసు. అంతే తెలుసు. ఇంట్లో ఆ ఊసు ఎత్తితే ఆయన లేచి వెళ్లిపోయేవాడు.

ఈసారి లేవలేదు. "దీపాలు ఒక్క పక్కనే పెట్టుకుంటూ పో. తిరిగొచ్చేటప్పుడు దారి తప్పవు" అన్నాడు.

అలా మూడు మధ్యాహ్నాలు ఇద్దరూ ఆ గనిలో తిరిగారు. ఏ మలుపు దగ్గర ఆగాలో ఆయన చెప్పేవాడు, ఆమె ఆగేది. నాన్న తన పక్కన ఇంతసేపు కూర్చున్నది ఎప్పుడో గుర్తులేదు ఆమెకు. జ్వరం రావడమూ మంచిదే అయింది అనుకుంది.

నాలుగో రోజు ఒక ఇరుకు దారి తగిలింది.

"ముందు పైకప్పు చూడు."

"ఈ ఆటలో రాయి కూలదు నాన్నా. కంకర, ఇసక అయితేనే పడతాయి" అంటూనే ఆమె గునపంతో కొట్టింది. పైనుంచి బూడిదరంగు కంకర జలజలా పడింది. తెర చీకటైపోయింది.

నాగజ్యోతి నవ్వింది. "ఏం కాదులే. చచ్చిపోతే మన ఇంట్లో మంచం మీద లేస్తాం. సామాన్లు మాత్రం అక్కడే పడుంటాయి. అయిదు నిమిషాల్లో వెళ్తే తెచ్చుకోవచ్చు."

"వెళ్లు మరి. తొందరగా వెళ్లు."

ఆ గొంతు విని ఆమె తలెత్తింది. ఆయన రెండు చేతులూ మోకాళ్లను గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఆమె ఫోన్ పక్కన పెట్టేసింది.

అప్పుడు చెప్పాడు. గనిలో ఆయనతో పాటు పనిచేసేవాడు బుడాన్ అని ఒకడు. ఒకే బండి మీద డ్యూటీకి వెళ్లేవాళ్లు. ఒకరోజు వాళ్లిద్దరే ఉన్నచోట పైకప్పు కూలింది. బుడాన్ నడుము దాకా రాళ్ల కింద ఉండిపోయాడు. "అన్నా, అన్నా" అని పిలిచాడు.

"నేను పరిగెత్తానమ్మా. పైకొచ్చాక, బుడాన్ ఏడిరా అని అడిగారు. బతికున్నాడంటే దారి చూపించమని నన్ను మళ్లీ దించుతారు. అక్కడికక్కడే పోయాడని చెప్పాను. ఎటూ పోయాడు గదా అని నింపాదిగా తవ్వి, మర్నాడు తీశారు."

నాగజ్యోతి మంచం మీద లేచి కూర్చుంది. "ఆయన భార్యకు తెలుసా?" అంది.

"అమీర్‌బీకా? నా మాటే తెలుసు ఆమెకు."

"చెప్పు నాన్నా. ఆమెకు తెలియాలి కదా."

ఆదివారం ఆయన సత్తెనపల్లి బస్సెక్కాడు. ఊరి చివర ఒక రేకుల షెడ్డులో ఆడవాళ్లు వరసగా కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. లోపలికి అడుగు పెట్టగానే ఘాటుకు దగ్గొచ్చింది. మూతికి కట్టుకున్న గుడ్డ దించి అమీర్‌బీయే ముందు గుర్తుపట్టింది.

"శివన్నా, ఇన్నేళ్లకు కనపడ్డావు. పిల్లలు బాగున్నారా?"

బయట మిరప బస్తాల పక్కన నీడలో నిలబడి, కూతురికి చెప్పినట్టే ఆమెకూ చెప్పాడు. ఒక్క మాట తగ్గించలేదు. చెబుతున్నంతసేపూ ఆమె గోళ్ల సందున ఇరుక్కున్న ఎర్రటి పొట్టును తీస్తూనే ఉంది.

"ఎంతసేపు పిలిచాడు?" అంది.

"తెలియదమ్మా. నేను ఆగలేదు."

ఆమె తల ఊపింది. ఏడుస్తుందనో తిడుతుందనో ఆయన ఎదురుచూశాడు. కొడితే పడదామనే వచ్చాడు.

"ఇరవై నాలుగేళ్లు, ఆయన నొప్పి తెలవకుండా పోయాడనే ధైర్యంతో బతికానన్నా. ఎవరడిగినా ఆ మాటే చెప్పుకున్నాను. రాత్రిళ్లు ఆ మాటే అనుకుని పడుకున్నాను. ఇప్పుడు నాకెందుకు చెప్పావు?"

 బస్సులో వస్తున్నప్పుడు గుండెల మీది బరువు ఏదో దిగబోతున్నట్టే ఉంది ఆయనకు. అది దిగి ఎక్కడికి పోయిందో ఇప్పుడు ఎదురుగా కనిపిస్తోంది.

"క్షమించమని అడగడానికి రాలేదు అమీర్‌బీ."

"అడిగినా నా వల్ల కాదు."

లోపల్నుంచి మేస్త్రీ కేకేశాడు. ఆమె రెండడుగులు వేసి ఆగింది.

"మావాడు అద్దంకిలో ఉంటున్నాడు. వాడి దాకా పోవద్దు. వాళ్ల నాన్న సంగతి వాడికి అట్టాగే ఉండనీ."

"చెప్పను."

అమీర్‌బీ గుడ్డ మళ్లీ మూతి మీదికి లాక్కుని, షెడ్డులో తన చోట కూర్చుంది. కాసేపు ఆమె చేతులు ఒళ్లో ఊరికే ఉన్నాయి. తర్వాత ఒక కాయ తీసుకుంది.