తర్వాతి మెట్టు

"సుమనా, చాయ్ పెట్టినవా?"

అత్త సుమిత్రాబాయి గొంతు వినగానే సుమన చేయి జొన్నపిండిలోనే ఆగిపోయింది. అత్త చనిపోయి ఏడాదైంది. అయినా రోజూ పొద్దున్నే అడుగుతూనే ఉంది, గ్యాస్ పొయ్యి పక్కన పెట్టిన చిన్న స్పీకర్ డబ్బాలోంచి. సుమన భర్త సూర్యకాంత్ నాందేడ్‌లో ఓ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు, ఆదివారాలు ప్రార్థన కూటంలో వాక్యం చెబుతాడు. తల్లి పాత వాయిస్ మెసేజ్‌లన్నీ ఆ డబ్బాకు నేర్పి, ఆమె గొంతును లేపి కూర్చోబెట్టింది ఆయనే. చుట్టాలు వచ్చి విని కళ్ళు తుడుచుకుంటారు. సుమనకు మాత్రం కడుపు మండిపోతుంది. మనిషి పోయాక కేకలైనా పోవాలి కదా!

"మట్టిల నుంచి చేప, చేప నుంచి కోతి, కోతి నుంచి మనిషి. దేవుడు మనల్ని పైకి గుంజుకుంటనే ఉన్నడు. తర్వాతి మెట్టు దేహం లేని మనిషి!" అని సూర్యకాంత్ మొన్న కూటంలో చెప్పి అందరిచేత ఆమెన్ అనిపించుకున్నాడు. ఆ మాటలో సగం సుమనకూ ఇష్టమే. పైకి గుంజే ఆ చేయి ఆమెకు తెలుసు. పెళ్ళికి ముందు ధర్మాబాద్‌లో ఓ కాన్వెంట్ సిస్టర్ మౌనప్రార్థన నేర్పింది. కోరికలు వదిలి, మాటలు వదిలి, చివరికి సొంత పేరు కూడా వదిలి కూర్చోవడం. అలా కూర్చున్నప్పుడు ఆమెను దేవుడొక్కడే పిలిచేవాడు. ఆయన పని చెప్పేవాడు కాదు. పెళ్ళయ్యాక కూటం ఆడవాళ్ళు ఆ ప్రార్థనకు తీసుకుపోదామని వస్తే, అత్త గుమ్మంలోనే నిలబడి "సుమన ఇంట్ల లేదు" అని పంపేసేది. సుమన లోపల గిన్నెలు తోముతూ వినేది. ఒక్కసారి గట్టిగా దగ్గడానికి కూడా ధైర్యం చాలలేదు.

ఇవాళ సూర్యకాంత్ మైకు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"నీ గొంతు గూడ డబ్బాల ఎక్కిద్దాం. రేపు నీకేమన్న అయితే ఎట్ల? నేను అడుగుత, రోజు చెప్పినట్టే చెప్పు. టిఫిన్ అయిందా, నా బీపీ గోలీలు యాడున్నయ్, గివే."

"గివేనా నేను?"

"ఇంకేం కావాలె? చావు లేకుంట ఉంటవ్, పిచ్చిదాన! ఆత్మ గిట్లనే నిలుస్తది."

చావు లేకుండా! చేతులు మట్టిలో కలిసిపోయినా గోలీలు వెతికిచ్చే పని పోదన్నమాట. సమాధిలోంచి తనను లేపేది ప్రేమ కాదు, చాయ్. ఇవాళ కుదరదంటే రేపు మళ్ళీ మైకు తెస్తాడు. రేపు కాకపోతే ఎల్లుండి.

ఆయన బటన్ నొక్కాడు. "షురూ చెయ్. సుమనా, టిఫిన్ అయిందా?"

ఆ పేరు వినగానే డబ్బా కూడా మేల్కొంది. "సుమనా, చాయ్ పెట్టినవా?"

సుమన పిండి చేతులు కడుక్కుని కొంగుకు తుడుచుకుంది. మైకు మీదికి వంగి, అచ్చం అత్తలాగే అంది.

"సుమన ఇంట్ల లేదు."

"పరాచికాలు ఆపు. నా గోలీలు యాడున్నయ్?"

"సుమన ఇంట్ల లేదు."

"ఏందే ఇది! రేపు డబ్బా గూడ గదే చెప్తది!"

"చెప్పనియ్."

ఆమె చెప్పులు వేసుకుని మౌనప్రార్థనకు బయలుదేరింది. వెనకనుంచి అత్త గొంతు చాయ్ అడుగుతూనే ఉంది. ఇన్నేళ్ళకు ఆ మాట నిజమైంది, సుమన ఇంట్లో లేదు.