నిద్రపోయేవాళ్ళ చీటీ

నన్ను నిద్ర లేపాల్సిన అవసరం ఈ డెబ్బై ఎనిమిదేళ్ళలో ఒక్క మనిషికి కూడా రాలేదు. ఈ మాట ఎవరి ముందైనా చెబుతాను. వయసులో ఉండగా పంటకు కాపలాగా పదిహేడు రోజులు రెప్ప వాల్చకుండా కూర్చున్నాను. పద్దెనిమిదో రోజు గుడ్లగూబలు వచ్చి, ఆ కిటుకేదో కాస్త చెప్పమని నా చుట్టూ చేరాయి. నమ్మకపోతే మానెయ్యండి. నేను చెప్పబోయేది మా కోడలి సంగతి. అందులో అబద్ధం ఒక్కటే ఉంది. అదీ చివర్లో నేనే ఒప్పుకుంటాను.

ఆ శనివారం మధ్యాహ్నం కోడలు ఆరిన బట్టలు మంచం మీద కుప్ప పోసి మడతపెడుతోంది. నేను జేబురుమాళ్ళు మడతపెడుతున్నాను. ఈ ఇంట్లో నాకు అప్పగించిన అతి పెద్ద బాధ్యత అది. ఇంతలో లోపలి గదిలోంచి మావాడి కేక.

"మూడింటికి లేపమన్నానా లేదా? నాలుగవుతోంది!"

పుచ్చిపన్ను పీకించుకోవడానికి ఆరు వారాలు ఎదురుచూస్తే పళ్ళ డాక్టరు ఇచ్చిన సమయం మూడున్నర. అది కాస్తా దాటిపోయింది.

"లేపానండీ. సరిగ్గా మూడింటికి వచ్చి టైమైంది లేవండి అన్నాను. మీరు ఊఁ అన్నారు."

"అప్పటికి నేను నిద్రే పోలేదు! ఫోన్ చూస్తున్నాను. ఆ తర్వాత కదా కన్ను మూతపడింది. మెలకువగా ఉన్నవాణ్ణి లేపితే లేపినట్టా?"

"మెలకువగానే ఉన్నారు కదా, లేస్తారులే అనుకున్నాను."

"అదే నీతో వచ్చిన చిక్కు. అన్నీ అనుకుంటావు. ఆఫీసులో అంతంత మిషన్లు నడుపుతావు, ఇంట్లో ఒక్క మనిషిని లేపలేవు."

"అలారం పెట్టుకోరాదురా?" అన్నాను నేను.

"ఆ మోత నాకు పడదు నాన్నా," అని బుగ్గ పట్టుకుని తలుపేసుకున్నాడు.

కోడలు మళ్ళీ మడతల్లో పడింది. ఆమె మనసులో ఏం నడిచిందో నీకెలా తెలుసని అడుగుతారేమో. తర్వాత ఆమే చెప్పింది. కలిసి బట్టలు మడతపెట్టేవాళ్ళ మధ్య రహస్యాలు నిలవవు. తప్పు నాదేనా అనుకుందట. లేపాను కదా. అసలు లేపడమంటే ఏమిటి, పిలవడమా, మనిషి కాళ్ళు నేల మీద మోపేదాకా అక్కడే నిలబడటమా? నిలబడే ఉంటే పొయ్యి మీద పాలు ఏమయ్యేవి? పాపను ఆరింటికి, ఆయన్ను ఆరున్నరకు, మామయ్యను కాఫీ చప్పుడుతో ఏడింటికి. పదకొండేళ్ళుగా ఎవరు ఎప్పుడు లేవాలో అంతా నా తలలోనే ఉంది. నేనెప్పుడు లేవాలో ఎవరి తలలో ఉంది? "మా కోడలికి అలారం అక్కర్లేదు, ఒంట్లోనే ఉంది," అని అత్తయ్య చుట్టాలందరితో చెప్పేది. అది మెచ్చుకోలనే అప్పుడు పొంగిపోయాను. అది మెచ్చుకోలేనా? తెలియట్లేదు. తప్పు నాది కాకపోతే ఈ చొక్కా మడత ఎందుకు కుదరట్లేదు? అదీ తెలియట్లేదు. ఇలా అనుకుంటూ ఒకే చొక్కాను మూడుసార్లు మడతపెట్టి మూడుసార్లు విప్పింది. అది మాత్రం నేను కళ్ళారా చూశాను.

"ఏమ్మా, ఆ చొక్కా ఏం పాపం చేసింది?"

"ఆఫీసు గొడవ కూడా కలిసింది మామయ్యా. ఒక కంప్యూటర్ మిషన్ మూడు వారాలుగా నడుస్తూ నడుస్తూ బిగుసుకుపోతోంది. కారణం దొరకట్లేదు. ఇంటి ధ్యాస తగ్గించుకుంటే దొరుకుతుందమ్మా అన్నాడు మా పెద్దాయన, అందరి ముందూ."

"నాతో చెప్పు. ఐదో తరగతి రెండుసార్లు చదివినవాణ్ణి."

నవ్వింది. కంప్యూటర్‌కి గుండెకాయ లాంటిదాన్ని కెర్నల్ అంటారట. అందులో థ్రెడ్లని పనివాళ్ళు ఉంటారట. "పని లేనప్పుడు వాళ్ళు పడుకోవాలి మామయ్యా. వచ్చిందా వచ్చిందా అని ఊరికే తొంగిచూస్తూ కూర్చుంటే ఒంట్లో సత్తువ దండగ, పక్కవాడికి చోటూ ఉండదు. పని రాగానే ఇంకొకడు లేపుతాడు. ఈ మిషన్‌లో ఒకడు పడుకుంటే ఇక లేవట్లేదు. లేపేవాడు లేపానంటాడు. వీడేమో నన్నెవరూ లేపలేదంటాడు. ఇద్దరూ..."

చొక్కా గాల్లోనే ఉండిపోయింది.

"ఇద్దరూ నిజమే చెబుతున్నారు. పని లేదని చూసుకున్నాడు. పడుకుందామనుకున్నాడు, ఇంకా పడుకోలేదు. ఆ సందులో పని వచ్చింది, పిలుపూ వచ్చింది. మెలకువగా ఉన్నవాడికి పిలుపెందుకని అది గాల్లో కలిసిపోయింది. తర్వాత వీడు హాయిగా పడుకున్నాడు. మళ్ళీ పిలిచే దిక్కు లేదు."

"మావాడి పన్ను!"

"అచ్చంగా మీ అబ్బాయి పన్నే!"

"అయితే లేపేవాళ్ళు రెండోసారి కూడా వచ్చి పిలవాలన్నమాట," అన్నాను, తెలివి చూపిద్దామని.

ఆమె నా వంక చూసిన చూపుకి చేతిలో జేబురుమాలు జారింది.

"కారణం దొరికేదాకా అలాగే నెట్టుకురమ్మన్నాడు మా పెద్దాయన కూడా. ఎంతసేపూ లేపేవాళ్ళేనా? పడుకునేవాడికి పూచీ లేదా? కళ్ళు మూసేముందు తన పేరు చీటీలో రాయాలి. రాశాక, ఈలోపే పని వచ్చేసిందేమో ఇంకోసారి చూసుకోవాలి. రాలేదంటేనే పడుకోవాలి. చీటీలో పేరు పడ్డాక ఏ పిలుపూ నేలపాలు కాదు."

నాకు సగం అర్థమైంది. ఏ సగమో ఇప్పటికీ తేలలేదు. కానీ పడుకునేవాడి పూచీ అన్న మాట నాకే తగిలింది. ఇక్కడ నా గొప్ప కాస్త దించుకోవాలి. మా ఆవిడ బతికున్నంత కాలం నా తల దగ్గర చెంబు చప్పుడు చేసేది. ఆ చప్పుడుకి లేచి నా అంతట నేనే లేచానని ఊరంతా చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు కోడలి కాఫీ గ్లాసు చప్పుడు. పంట కాపలాలో కూడా పదహారు రోజులు కాసింది మా ఆవిడే. గుడ్లగూబలు వచ్చిందీ ఆవిడ దగ్గరికే.

ఆదివారం పొద్దున ఫ్రిజ్ తలుపు మీద చీటీ వెలిసింది. అందులో మూడు గళ్ళు: పడుకునేవారు, లేవాల్సిన వేళ, లేపేవారు.

"ఇదేంటి, ఇల్లా ఆఫీసా?" అన్నాడు మావాడు.

"పడుకునేవాళ్ళు రాసుకుంటారు. రాయనివాళ్ళని లేపను," అంది కోడలు, నెమ్మదిగా.

సోమవారం ఆమె ఇంటి నుంచే పని చేసింది. తను కనిపెట్టింది నాలుగున్నరకు ఆఫీసు వాళ్ళందరికీ ఫోన్లో వివరించాలి. "నువ్వు రాకపోతే నేనే చెప్పేస్తాలే, ఎవరు చెబితేనేం," అన్నాడట పెద్దాయన. మూడు వారాల నిద్రలేమితో ఆమె కళ్ళు గుంటలు పడ్డాయి. రెండున్నరకు చీటీ ముందు కలం పట్టుకుని చాలాసేపు నిలబడింది. చివరికి తన పేరు రాసింది. నాలుగింటికి. లేపేవారు, మామయ్య.

"నీ ఫోన్లో అలారం ఉందిగా అమ్మా?"

"అలారమంటే నన్ను నేనే లేపుకోవడం మామయ్యా. అది రోజూ చేస్తున్నదేగా. మీరు నిద్రపోరు కదా?"

"గుడ్లగూబల్ని అడుగు."

పొయ్యి, కుళాయి, వీధి తలుపు ఒకసారి చూసుకుని గదిలోకి వెళ్ళింది. నేను తలుపు బయట కుర్చీ వేసుకున్నాను. ఇంకొకరి నిద్ర కోసం మేలుకోవడం ఎంత బరువో నాకు అప్పుడే తెలిసింది. రెప్పలు వాలిపోతుంటే తొడ గిల్లుకున్నాను, లేచి తిరిగాను, చదువుకున్నంత వరకూ ఎక్కాలు అప్పజెప్పుకున్నాను. లోపలినుంచి చిన్న ఈలలా గురక వినపడుతుంటే ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా నాలుగింటికి నేను కలిపిన కాఫీతో తలుపు తట్టాను. నాలుగున్నరకు ఆమె గొంతు గదిలో గంటలా మోగింది. ఈ ఆలోచన ఎలా వచ్చిందని పెద్దాయన అడిగినట్టున్నాడు. "బట్టలు మడతపెడుతుంటే," అంది.

ఇక ఆ అబద్ధం. గురక నేను అల్లాను. తలుపు తీసేసరికి కోడలు వెల్లకిలా పడుకుని, కళ్ళు తెరిచి ఫ్యాను వంక చూస్తోంది.

"నిద్ర పట్టలేదా తల్లీ? నేను మేలుకునే ఉన్నానే!"

"తెలుసు మామయ్యా. మీ ఎక్కాలు వినపడుతూనే ఉన్నాయి. అయినా ఐదు నిమిషాలకోసారి గడియారం చూశాను. ఎందుకో నాకే తెలియట్లేదు."

ఆఫీసు మాటలు అయ్యాక ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి, మర్నాటి తేదీ వేసి, మళ్ళీ తన పేరే రాసింది. కింద నా పేరు.

"పట్టేదాకా రాస్తాను," అంది.

ఇదంతా ఆ తలుపు బయటి కుర్చీలో కూర్చునే రాస్తున్నాను. టైము మూడుంపావు. నేనల్లిన అబద్ధం ఏ రోజు నిజమవుతుందోనని చెవి ఒగ్గి వింటున్నాను.