ఎక్కడఁ బడితివి?

ప్రచండమార్తాండకిరణసంతప్తసైకతమై చెయ్యేఱు నీరెల్ల నింకి తెల్లని యిసుక మాత్రమే మిగిలిన జ్యేష్ఠమాసపుఁ బ్రాతఃకాలమున ఆ యేటియొడ్డునఁ గల యొక కొట్టము ముంగిట చేతులు విఱిగినవారును కాళ్లు బెణికినవారును బండ్లమీఁదను మంచములమీఁదను వచ్చి బారులు తీఱి యుండిరి. వారందఱును కట్టు ఓబులయ్య కొఱకు వచ్చినవారే. ఎముకలు కట్టుటయే జీవనముగాఁ గల యా వంశమున ఓబులయ్య నాలవ తరమువాఁడు. వెదురుబద్దలు నూలుగుడ్డ కోడిగ్రుడ్డుసొన ఆకుపసరు ఇవియే యాతని యాయుధములు. వచ్చిన రోగి రాజైనను పేదయైనను ఆతఁడు మొదట నడుగు ప్రశ్న యొక్కటియే. "ఎక్కడఁ బడితివి?" పడనిదే యెముక విఱుగదని యాతనికిఁ దండ్రి చెప్పెను. తండ్రికిఁ దాత చెప్పెను. ఇఁక దానికి తిరుగు లేదు.

ఆతని భార్య చెంగమ్మ నాలుగేండ్ల క్రిందట పట్టణమున రొమ్ముక్యాన్సరునకు శస్త్రచికిత్స చేయించుకొని బ్రతికి వచ్చిన గట్టిప్రాణము. రోగము సమూలముగాఁ బోయినదని నమ్మి యింటివారు దాని పేరెత్తుటయే మానిరి. ఆ యిల్లాలికి రెండు నెలలుగా కుడితుంటిలో నొకటే సలుపు. ఆ యుదయమున స్నానపుగదిలో పీఁటమీఁదనుండి లేవఁబోవుచుండఁగా తుంటిలో నెండుపుల్ల విఱిగినట్లు చిటుక్కుమనెను. అంతే! మఱి లేవలేదు.

కేక విని ఓబులయ్య లోనికి వచ్చెను. "ఎక్కడఁ బడితివే?"

"పడలేదండీ. లేచుచుంటిని."

"పడనిదే విఱుగునా? సరిగా జ్ఞాపకము చేసికొనుము. ఎక్కడఁ బడితివి?"

ముంగిట జనులు చెవులు రిక్కించి వినుచుండిరి. మూఁడవమాఱును ఆతఁ డదియే యడుగఁగా పదిమందిలో మగని విద్య తప్పుట యోర్వలేక చెంగమ్మ కన్నులు మూసికొని "స్నానపుగదిలో జాఱితిని" అనెను. "అట్లు చెప్పుము మఱి!" అని యాతఁడు సంతోషించెను. అయ్యో, సంతోషించెను!

పదునొకండు వారములు కట్టెను. ఎనిమిదినాళ్ల కొకమాఱు విప్పి నూనెతో మర్దించి మరల బిగించెను. తాను పట్టిన కుందేటికి మూఁడే కాళ్లు గదా! చెంగమ్మ కోరిన దొక్కటియే. "నా కాళ్లమీఁద నేను పెరటికిఁ బోయి వచ్చిన చాలును. ఆ పనికిఁ గోడలి చేతులు కనిపెట్టుకొని యుండలేను" అని యేడ్చెడిది. తుదకు ఆ కోడలే మామగారి మాట ధిక్కరించి కారు పిలిపించి యామెను పట్టణపు టాసుపత్రికిఁ గొనిపోయెను. ఓబులయ్య గొణుగుచు వెంట నడచెను.

శస్త్రవైద్యురాలు హైమవతి తుంటి ఎక్స్‌రే చిత్రములను వెలుతురునకుఁ బట్టి చూపెను. "పెద్దాయనా! ఇది పడి విఱిగినది కాదు. నాఁటి క్యాన్సరు నెత్తుటివెంట దిగి తొడయెముక యమరు తుంటిగిన్నెను చెదవలెఁ దిన్నది. ఉత్త పెంకైన యెముక లేచుబరువునకే విఱిగినది. కట్టిన నతుకునది కాదు. మర్దించినకొలఁది నలిగినది."

"నడుచునా తల్లీ?"

"మొదటివారముననే వచ్చియుండిన మరలు బిగించి సిమెంటు నింపి నడిపించియుందును. ఇప్పుడు మర పట్టుటకుఁ జాలినంత యెముక లేదు. శస్త్రము చేసి నొప్పి తగ్గించి కూర్చుండఁబెట్టఁగలను. నడిపింపలేను. రోగము నయమగునని యసలే చెప్పలేను."

ఊరందఱికి శకునము చెప్పిన బల్లి కుడితిలోఁ బడినట్లయ్యెను. ఓబులయ్య మొగము నల్లఁబడెను. ఐనను నోరు ఊరకుండునా? భార్యవైపు తిరిగి "పడితినంటివి గదే!" అనెను.

"మూఁడుమాఱు లడిగితిరి" అని చెంగమ్మ మెల్లఁగాఁ బలికెను. "మీ మాట నిలుచుటకుఁ బడితినంటిని. నేను పడలేదండీ."

మఱునాఁడు నాలుగు గంటలసేపు శస్త్రము జరిగెను. కుళ్లినభాగమును గోకి తీసి బోలునిండ సిమెంటు పోసి యుక్కుకడ్డీలతో బందోబస్తు చేసిరి. పిమ్మట రేడియేషను పెట్టిరి. వైద్యురాలు చెప్పిన మాట తప్పలేదు. చెంగమ్మ బాధ లేక కూర్చుండెను. నడక మాత్రము రాలేదు. పెరటిపనికిఁ బెట్టు బెడ్‌ప్యాను కోడలి చేతనే యుండెను.

కార్తికమాసమున చెయ్యేటిలో నీరు పాఱుచుండఁగా చెంగమ్మ పంచలోఁ గుర్చీమీఁదఁ గూర్చుండి యుండెను. ఒక నడివయసు స్త్రీని మంచముమీఁద మోసి తెచ్చిరి. ఆమెతో వచ్చిన కొడుకు ఆచార మెఱిఁగినవాఁడు గనుక అడుగకమునుపే "గట్టుమీఁదఁ బడినది సామీ" అనెను. గుడ్డచుట్ట చేతఁబట్టుకొన్న ఓబులయ్య కుర్చీవంకఁ జూచెను. పిమ్మట వంగి "అమ్మా! నీవు చెప్పుము. నిజముగాఁ బడితివా?" అని యడిగెను.

ఆ స్త్రీ కొడుకువంకఁ జూచి బావురుమనెను. "లేదయ్యా. నడుచుచుండఁగనే విఱిగినది."

ఓబులయ్య గుడ్డచుట్ట నేలఁ బెట్టెను. "నాయనా! ఈమెను నేఁడే పట్టణపు టాసుపత్రికిఁ గొనిపొమ్ము. నేను ముట్టను."

మంచము కనుమఱుఁగైనపిదప చెంగమ్మ నవ్వెను. ఆ నవ్వు వినినవానికి ఏడ్పే మేలనిపించును. "నన్నడుగవలసిన ప్రశ్నను ఎవ్వరినో యడిగితిరి. పోనిండు, వారైనఁ బాగుపడుదురు. ఇఁకఁ గోడలిని పిలువుఁడు. నాకు పెరటివేళ యైనది."

ఓబులయ్య కోడలిని పిలువలేదు. పసరంటిన చేతులు కడుగుకొని వచ్చి వంగి కుర్చీక్రిందనున్న బెడ్‌ప్యానును తానే తీసికొనెను.